కంపైల్ ఒకచోట, అప్‌గ్రేడ్ మరోచోట: ఫ్రీబీఎస్‌డీ సర్వర్లను పోర్ట్‌మాస్టర్ నుంచి పూడ్రియేర్‌కు మార్చిన తీరు

తెలుగు పుస్తకాల జాబితాను, కాపీరైటు గడువు తీరిన పుస్తకాల స్కాన్ ప్రతులను ఆన్‌లైన్‌లో అందుబాటులో ఉంచే ఒక సంస్థకు నేను సర్వర్ల నిర్వహణ చూస్తున్నాను. 2023లో ఆ సంస్థ సర్వర్లన్నీ ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 12.4 వెర్షన్ మీద నడుస్తుండేవి. వెబ్‌కు రెండు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు ఒకటి, మెయిల్‌కు ఒకటి, స్కాన్ చిత్రాలను శుభ్రం చేసి పీడీఎఫ్‌లుగా మార్చడానికి ఒకటి, బ్యాకప్‌కు, పర్యవేక్షణకు కలిపి ఒకటి ఉండేవి. ప్రతి యంత్రంలోనూ సొంత పోర్ట్స్ ట్రీ (ఒక్కో సాఫ్ట్‌వేర్‌ను సోర్స్ కోడ్ నుంచి ఎలా తయారుచేయాలో చెప్పే ‘పోర్ట్’ల సంగ్రహం) ఉండేది, ప్రతి యంత్రమూ తనకు కావలసిన సాఫ్ట్‌వేర్‌ను పోర్ట్‌మాస్టర్ అనే సాధనం సహాయంతో తానే కంపైల్ చేసుకునేది, అంటే సోర్స్ కోడ్‌ను యంత్రం నడపగల బైనరీగా మార్చుకునేది. ఈ ఏర్పాటు ఏళ్ల తరబడి పనిచేసింది కానీ ఆ ఏడాది మూడు గడువులు ఒకేసారి మీద పడ్డాయి. వెబ్ పేజీలను తయారుచేసే పీహెచ్‌పీ భాష 7.4 వెర్షన్‌కు మద్దతు 2022 నవంబర్ 28న అప్పటికే ముగిసింది, ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1కు 2023 సెప్టెంబర్ 11న ముగియబోతోంది, ఫ్రీబీఎస్‌డీ 12 శాఖకు 2023 డిసెంబర్ 31తో చెల్లు. అంటే భాష వెర్షన్‌నూ ఆపరేటింగ్ సిస్టమ్‌నూ కొద్ది నెలల తేడాలో మార్చాలి. పాత పద్ధతిలో ఆ రెండూ చేయడమంటే సేవలను రోజుల తరబడి ఆపుకోవడమే.

ఏ సాధనం ఎంచుకోవాలన్న చర్చ సాధారణంగా వేగం దగ్గరో, ఆదేశాలు గుర్తుపెట్టుకోవడంలోని సౌకర్యం దగ్గరో మొదలవుతుంది. నా దృష్టిలో అంతకంటే ముందు తేల్చుకోవలసినది మరొకటి ఉంది. ఒక పోర్ట్ కంపైల్ కాకుండా ఆగిపోయినప్పుడు ఆ వైఫల్యం ఏ యంత్రం మీద జరుగుతుంది? పాఠకులు వాడుతున్న యంత్రం మీదా, వాళ్లకు సంబంధం లేని యంత్రం మీదా? ఈ పనిలో మేము తీసుకున్న నిర్ణయాలన్నీ ఈ ఒక్క ప్రశ్నకు చెప్పుకున్న జవాబు నుంచే వచ్చాయి.

పాత పద్ధతిలో ఏం జరిగేది

పోర్ట్‌మాస్టర్ డగ్ బార్టన్ రాసిన షెల్ స్క్రిప్ట్. అంతకు ముందునుంచీ వాడుకలో ఉన్న పోర్ట్‌అప్‌గ్రేడ్ అనే సాధనానికి రూబీ భాష కావాలి, పోర్ట్‌మాస్టర్‌కు బేస్ సిస్టమ్ (ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటే వచ్చే భాగం)లోని షెల్ చాలు. ఎవరి యంత్రాన్ని వారు సొంతంగా చూసుకునే రోజుల్లో అది గొప్ప సుగుణం. నేటికీ ఒకే యంత్రం ఉన్నవారికి దాన్ని వాడవద్దని నేను చెప్పను. అది డిపెండెన్సీలన్నిటినీ (ఒక సాఫ్ట్‌వేర్‌కు అవసరమయ్యే ఇతర సాఫ్ట్‌వేర్లను) ముందుగా నడిచి చూసి, ఏ సదుపాయాలతో కంపైల్ చేయాలన్న ఆప్షన్ల ప్రశ్నలన్నీ మొదటే అడిగేసి, తర్వాత ఒక్కొక్క పోర్ట్‌నే కంపైల్ చేసి, పాత ప్యాకేజీకి (కంపైల్ అయి ఇన్‌స్టాల్ అయిన రూపానికి) బ్యాకప్ తీసి, దాన్ని తొలగించి, కొత్తదాన్ని పెడుతుంది. చిక్కంతా ఈ క్రమంలోనే ఉంది. నలభై పోర్ట్‌లు మారవలసిన చోట ఇరవయ్యోది ఆగిపోతే, మొదటి పంతొమ్మిదీ అప్పటికే మారిపోయి ఉంటాయి, మిగిలినవి పాతవాటితోనే ఉంటాయి. అటువంటి కలగలుపు స్థితిని ఎవరూ ఎక్కడా పరీక్షించి ఉండరు.

దీనికి ఐసీయూ లైబ్రరీ మంచి ఉదాహరణ. యూనికోడ్ పనులకు పీహెచ్‌పీలోని ఇంటల్ ఎక్స్‌టెన్షన్, పోస్ట్‌గ్రెస్, మెయిల్ ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్ మూడూ దాన్ని వాడుకోగలవు. ఐసీయూ పెద్ద వెర్షన్ మారినప్పుడల్లా దాని షేర్డ్ లైబ్రరీ (పలు ప్రోగ్రామ్‌లు ఉమ్మడిగా వాడుకునే ఫైలు) సంఖ్య మారుతుంది. కొత్త ఐసీయూ ఇన్‌స్టాల్ అయిన క్షణం నుంచి ఇంటల్ ఎక్స్‌టెన్షన్ మళ్లీ కంపైల్ అయ్యేదాకా, ఏ కారణం చేతనైనా పీహెచ్‌పీ సేవ రీస్టార్ట్ అయితే ఆ ఎక్స్‌టెన్షన్ లోడ్ కాదు. అప్పటిదాకా మెమరీలో ఉన్న పాత ప్రాసెస్‌లు మాత్రం నిక్షేపంగా నడుస్తుంటాయి కనుక, లోపం ఉన్నట్టే ఎవరికీ తెలియదు. పాత షేర్డ్ లైబ్రరీలను విడిగా భద్రపరిచే ఆప్షన్ పోర్ట్‌మాస్టర్‌లో ఉంది, మేము దాన్ని వాడాము. దానివల్ల సేవ ఆగలేదు గానీ, ఏ ప్రోగ్రామ్ ఏ లైబ్రరీతో నడుస్తోందో చూసినవారికి అర్థం కాని పరిస్థితి వచ్చింది. ఆ భద్రపరిచిన ఫైళ్లు కాంపాట్ డైరెక్టరీలో ఏళ్ల తరబడి పేరుకుపోయాయి. వాటిలోని భద్రతా లోపాలను ప్యాకేజీల ఆడిట్ సాధనం పట్టుకోదు, ఎందుకంటే అవి ఏ ప్యాకేజీకీ చెందవు.

మరో అంశం, ఆరు యంత్రాలూ ఆరు వేర్వేరు రోజుల్లో కంపైల్ అయ్యేవి. పోర్ట్స్ ట్రీ రోజూ మారుతుంది కనుక రెండు వెబ్ సర్వర్లలో కూడా ఒకే వెర్షన్లు ఉండేవి కావు. ఒకదానిలో కనిపించే లోపం రెండోదానిలో కనిపించకపోతే, కారణం మా కోడ్‌లో ఉందా లైబ్రరీలో ఉందా అని వెతకడానికే పొద్దు గడిచిపోయేది.

అసలు కంపైల్ చేయాలా

ఈ ప్రశ్నను దాటవేయకూడదు. 2014 జనవరిలో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 10.0 నుంచి ప్యాకేజీలను పెట్టి, తొలగించే కొత్త పీకేజీ సాధనమే ప్రామాణికం. అధికారిక రిపోజిటరీ (ప్యాకేజీల భాండారం)లో సిద్ధంగా ఉన్న బైనరీ ప్యాకేజీలు చాలామందికి సరిపోతాయి. సరిపోయేవారు కంపైల్ జోలికి పోనక్కరలేదు. మా బ్యాకప్ సర్వర్ ఒక్కదాన్నే చూస్తే, దానికి అధికారిక ప్యాకేజీలే చాలు.

మిగిలిన యంత్రాల విషయంలో రెండు అడ్డంకులు ఉన్నాయి. మొదటిది, పాత ఫాంట్ ఎన్‌కోడింగ్‌లలో టైపు చేసిన తెలుగు పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చడానికి సంస్థ సొంతంగా సీ భాషలో రాయించుకున్న పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్. తొంభైల చివరి నుంచి డీటీపీలో తయారైన వేలాది పేజీలు దాని ద్వారానే వెతకడానికి వీలైన పాఠ్యంగా మారుతున్నాయి. అది పీహెచ్‌పీ శాఖ (7.4, 8.1 వంటివి) మారిన ప్రతిసారీ మళ్లీ కంపైల్ కావాలి. రెండోది పోస్ట్‌గ్రెస్. అధికారిక రిపోజిటరీ మొత్తం ఒకే డిఫాల్ట్ పోస్ట్‌గ్రెస్ వెర్షన్‌తో కంపైల్ అవుతుంది. పీహెచ్‌పీ పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌టెన్షన్ ఆ డిఫాల్ట్ క్లయింట్ (డేటాబేస్‌కు అనుసంధానమయ్యే భాగం) ప్యాకేజీ మీద ఆధారపడుతుంది. రెండు వేర్వేరు పెద్ద వెర్షన్ల క్లయింట్ ప్యాకేజీలు ఒకే యంత్రంలో కలిసి ఉండలేవు. ఆ డిఫాల్ట్ ఎప్పుడు మారాలో పోర్ట్స్ బృందం నిర్ణయిస్తుంది, మా డేటాబేస్ వెర్షన్ ఎప్పుడు మారాలో మేము నిర్ణయించాలి. ఈ రెండు తేదీలూ కలవవు.

అధికారిక ప్యాకేజీలు పెట్టుకుని, అవసరమైన నాలుగైదింటిని మాత్రం పోర్ట్స్ నుంచి కంపైల్ చేసుకుంటే సరిపోదా అని కొందరు అడిగారు. అది పైకి తేలికగా కనిపించే దారి. పీకేజీ డిఫాల్ట్‌గా త్రైమాసిక శాఖను చూస్తుంది, చాలామంది దించుకునే పోర్ట్స్ ట్రీ మాత్రం ప్రధాన శాఖ. రెండింటిలోనూ ఒకే లైబ్రరీ వేర్వేరు వెర్షన్లలో ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. శాఖలను సరిచూసుకుని కలిపినా, తర్వాతి పీకేజీ అప్‌గ్రేడ్ మన ఆప్షన్లతో కంపైల్ చేసుకున్నదాన్ని తీసేసి అధికారిక ప్యాకేజీని పెట్టవచ్చు. లాక్ వేసి ఆపితే, ఆ లాక్ వేసిన ప్యాకేజీయే మిగిలినవాటి అప్‌గ్రేడ్‌కు అడ్డంగా నిలుస్తుంది.

ఎంపిక

అందుకని కంపైల్‌ను ఒకే యంత్రానికి పరిమితం చేసి, సొంత ప్యాకేజీ రిపోజిటరీ తయారుచేసుకుని, మిగిలిన సర్వర్లు దాని నుంచి బైనరీలను మాత్రమే తీసుకునేలా చేయాలని నిశ్చయించాము. ఆ పనికి రెండు సాధనాలు పోటీలో నిలిచాయి. ఒకటి జాన్ మరీనో ఆడా భాషలో రాసిన సింథ్, రెండోది బప్తీస్త్ దరూసాఁ మొదలుపెట్టగా బ్రయాన్ డ్రూవరీ ముందుకు తీసుకెళ్లిన పూడ్రియేర్.

సింథ్ అమరిక చాలా సులువు. వాడినవారికి దాని వేగం మీద మంచి అభిప్రాయమే ఉంది. అయినా నేను పూడ్రియేర్ వైపే మొగ్గాను. ఫ్రీబీఎస్‌డీ అధికారిక ప్యాకేజీలను తయారుచేసే యంత్రాలు పూడ్రియేర్‌నే వాడతాయి. పోర్ట్స్ వ్యవస్థలో మౌలికమైన మార్పు వచ్చినప్పుడు అది ముందుగా పనిచేయవలసినది పూడ్రియేర్‌లోనే. 2017 చివరిలో పోర్ట్స్‌లోకి ఫ్లేవర్స్ వచ్చినప్పుడు ఇది స్పష్టంగా కనిపించింది. ఒకే పోర్ట్ నుంచి పలు రకాల ప్యాకేజీలు తయారుచేసే ఆ ఏర్పాటుకు పూడ్రియేర్ మొదటి రోజు నుంచే సిద్ధంగా ఉంది, పోర్ట్‌మాస్టర్, పోర్ట్‌అప్‌గ్రేడ్ వాడేవారు మాత్రం వాటిని సరిదిద్దేదాకా ఆగవలసి వచ్చింది. ఒక సాధనం ఎంత బాగా రాసి ఉన్నా, మూల వ్యవస్థను నడిపేవారి చేతిలో అది రోజూ వాడుకలో లేకపోతే, ఆ దూరపు మూల్యం ఏదో ఒక రోజు వాడేవారే చెల్లిస్తారు. సాధనాల ఎంపికలో దీనికి నేను మిగిలిన సుగుణాలన్నిటికంటే ఎక్కువ విలువ ఇస్తాను.

పూడ్రియేర్ పనితీరులోని క్రమశిక్షణ మరో కారణం. ప్రతి పోర్ట్‌నూ అది శుభ్రమైన జైల్‌లో (మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసిన పరిసరంలో) కంపైల్ చేస్తుంది. ఆ పోర్ట్ తనకు కావాలని ప్రకటించుకున్న డిపెండెన్సీలు తప్ప ఆ జైల్‌లో మరేమీ ఉండవు. సోర్స్ దించుకునే దశ ముగిశాక నెట్‌వర్క్ కూడా ఉండదు. పాత పద్ధతిలో, కంపైల్‌కు ముందు యంత్రాన్ని పరిశీలించే కాన్ఫిగర్ స్క్రిప్ట్ యంత్రంలో ఎప్పుడో పెట్టి మరచిన లైబ్రరీని చూసి, ఎవరూ అడగకుండానే దానితో లింక్ అయ్యేది. ఇప్పుడు ఆ అవకాశమే లేదు. ఒక ప్యాకేజీ వెర్షన్ గానీ ఆప్షన్లు గానీ మారితే, దానిపై ఆధారపడిన పాత ప్యాకేజీలన్నిటినీ రిపోజిటరీ నుంచి తీసేసి మళ్లీ కంపైల్ చేస్తుంది. ఇది వృథా శ్రమ అనిపించవచ్చు కానీ, ఐసీయూ ఉదాహరణలో చూసిన కలగలుపు స్థితి రాకుండా కాపాడేది ఈ పద్ధతే.

అమరిక

ముందుగా ఏ యంత్రంలో ఏం కావాలో జాబితా తయారుచేయాలి. పీకేజీలో ప్రైమ్-ఆరిజిన్స్ అనే ఆదేశం, మనం కోరి పెట్టుకున్న పోర్ట్‌లను మాత్రమే చూపిస్తుంది, వాటి వెంట వచ్చిన డిపెండెన్సీలను చూపదు. సూత్రప్రాయంగా ఆ జాబితాలను కలిపేస్తే చాలు. వాస్తవంలో ఏళ్ల తరబడి చేతితో ఇన్‌స్టాల్ చేయడం వల్ల డిపెండెన్సీలు కూడా కోరి పెట్టినవిగా నమోదై ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా చూసి, ఆటోమేటిక్ గుర్తు వేసి, ఎవరికీ అక్కరలేనివి తొలగించడం ఈ మొత్తం పనిలో అన్నిటికంటే విసుగు పుట్టించే భాగం. అయినా దాన్ని తొందరపడి ముగించకూడదు. జాబితాలో అనవసరంగా మిగిలిన ప్రతి పేరూ ఇకముందు ప్రతి బిల్డ్ (మొత్తం కంపైల్ విడత)లోనూ కంపైల్ అవుతుంది.

ఆప్షన్ల విషయంలోనూ అంతే శ్రద్ధ పెట్టాము. చిత్రాలను మార్చే ఇమేజ్‌మ్యాజిక్‌లో ఎస్‌వీజీ (ఒక చిత్రాల ఫార్మాట్) ఆప్షన్ ఉంచితే దాని వెంట లిబ్‌ఆర్‌ఎస్‌వీజీ లైబ్రరీ, దాన్ని కంపైల్ చేయడానికి రస్ట్ భాష, రస్ట్ కోసం గంటల తరబడి సమయం, బోలెడంత మెమరీ కావలసి వస్తుంది. స్కాన్ సర్వర్‌కు వచ్చేవన్నీ టిఫ్, జేపెగ్ చిత్రాలే కనుక ఆ ఆప్షన్‌ను తీసేశాము. వెబ్‌సైట్ గుర్తింపును నిర్ధారించే టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ల పునరుద్ధరణకు వాడుతున్న పైతాన్ ప్రోగ్రామ్ కూడా క్రిప్టోగ్రఫీ మాడ్యూల్ ద్వారా రస్ట్‌నే లాగుతోంది. దాని స్థానంలో షెల్‌లో రాసిన క్లయింట్‌ను పెట్టాము. ఈ రెండు మార్పులతో మా జాబితాలోంచి రస్ట్ పూర్తిగా తొలగిపోయింది. రస్ట్ మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. అవసరం లేని చోట దాని బరువు మోయకూడదన్నదే నా ఉద్దేశం.

సంస్థ సొంత ఎక్స్‌టెన్షన్‌కు ఒక చిన్న పోర్ట్ రాసి, దాన్ని పోర్ట్స్ ట్రీలో కలపకుండా ఓవర్‌లేగా (ట్రీ మీద విడిగా పరచిన పొరగా) ఉంచాము. దానివల్ల ట్రీని గిట్ నుంచి అప్‌డేట్ చేసినప్పుడు మా మార్పులకూ పోర్ట్స్ బృందం మార్పులకూ ఘర్షణ రాదు. ట్రీకి త్రైమాసిక శాఖనే ఎంచుకున్నాము. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్‌లలో కొత్త శాఖ వస్తుంది, మధ్యలో ప్రధానంగా భద్రతా సవరణలు, లోపాల సవరణలు దానిలో చేరుతుంటాయి. పీహెచ్‌పీ, పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ వెర్షన్లను కంపైల్ అమరికలుండే పూడ్రియేర్ మేక్.కాన్ఫ్ ఫైలులో స్థిరంగా రాశాము.

ఇక రిపోజిటరీని ప్రచురించే పద్ధతి గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. పూడ్రియేర్ ఒక పోర్ట్ విఫలమైతే దానిపై ఆధారపడిన వాటిని వదిలేసి, మిగిలినవాటితో ముందుకు సాగుతుంది. డిఫాల్ట్ అమరికలో ఆ అసంపూర్ణ రిపోజిటరీయే ప్రచురితమవుతుంది. సర్వర్ మీద పీకేజీ అప్‌గ్రేడ్ నడిపినప్పుడు, రిపోజిటరీలో లేని ప్యాకేజీ కొత్త లైబ్రరీతో పొసగకపోతే, దాన్ని తొలగించాలని పీకేజీ ప్రతిపాదించవచ్చు. ఆ ప్రతిపాదనను చదవకుండా అవునని కొట్టేసే స్క్రిప్ట్ ఉంటే ఉత్తరాలను వాడుకరులకు అందించే డోవ్‌కాట్ లేని మెయిల్ సర్వర్ మిగులుతుంది. అందువల్ల అటామిక్ రిపోజిటరీ (బిల్డ్ పూర్తయ్యాకే అంతా ఒకేసారి మారే) అమరికను ఉంచి, ఒక్క పోర్ట్ విఫలమైనా ఆ బిల్డ్ ప్రచురితం కాకుండా ఆపే అమరికను పెట్టాము, వెనక్కి వెళ్లడానికి పాత బిల్డ్‌లు కొన్ని నిలిచి ఉండేలా చూశాము. రిపోజిటరీకి ఆర్‌ఎస్‌ఏ కీతో డిజిటల్ సంతకం పెడతాము, సర్వర్లలో ఆ సంతకాన్ని సరిచూసే పబ్లిక్ కీ మాత్రమే ఉంటుంది. అధికారిక రిపోజిటరీని సర్వర్లన్నిటిలోనూ నిలిపివేశాము. రెండు రిపోజిటరీలను పక్కపక్కన ఉంచితే, ముందు చెప్పిన కలగలుపు మరో రూపంలో తిరిగి వచ్చేస్తుంది.

సర్వర్ల మీద అప్‌గ్రేడ్

ఫ్రీబీఎస్‌డీ పెద్ద వెర్షన్ మారినప్పుడు ప్యాకేజీల ఏబీఐ (బైనరీలు ఆపరేటింగ్ సిస్టమ్‌తో పొసగే నియమాలు) మారుతుంది కనుక ఇన్‌స్టాల్ అయిన ప్రతి ప్యాకేజీనీ మళ్లీ పెట్టాలి. పోర్ట్‌మాస్టర్‌తో అయితే జాబితా రాసుకుని, అన్నీ తొలగించి, మొదటి నుంచి అన్నీ సర్వర్ మీదే కంపైల్ చేయడం సిఫార్సు చేసిన పద్ధతి. కొత్త ఏర్పాటులో ఆ క్రమం తలకిందులైంది. జైల్‌లోని వెర్షన్ హోస్ట్ కెర్నల్ (ఆ యంత్రాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) కంటే కొత్తది కాకూడదు కనుక బిల్డ్ యంత్రాన్ని ముందుగా 13.2 మీద పెట్టాము. కొత్త కెర్నల్ మీద పాత జైల్ నడుస్తుంది కాబట్టి, అదే యంత్రం 12.4 కోసం, 13.2 కోసం రెండు ప్యాకేజీల సముదాయాలనూ తయారుచేసింది. పీహెచ్‌పీ 8.1కు మారడాన్ని 12.4 మీద ఉండగానే విడిగా ముగించాము. రెండు పెద్ద మార్పులను ఒకే రాత్రి చేస్తే, లోపం వచ్చినప్పుడు అది దేనివల్ల వచ్చిందో వేరుచేయలేము.

తర్వాత ఒక్కొక్క సర్వర్‌లోనూ బీఈసీటీఎల్ అనే సాధనంతో కొత్త బూట్ ఎన్విరాన్‌మెంట్ (వెనక్కి వెళ్లడానికి వీలిచ్చే సిస్టమ్ ప్రతి) తీసి, ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్‌తో బేస్ సిస్టమ్‌ను మార్చి, రీబూట్ చేసి, అప్పటికే సిద్ధంగా ఉన్న ఫ్రీబీఎస్‌డీ 13 ప్యాకేజీలను, షేర్డ్ లైబ్రరీలపై ఆధారపడని పీకేజీ-స్టాటిక్‌తో బలవంతంగా మళ్లీ పెట్టించాము. పాత షేర్డ్ లైబ్రరీలను తొలగించే ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ చివరి దశను దీని తర్వాతే నడపాలి, లేకపోతే ఇంకా మారని ప్రోగ్రామ్‌లు లోడ్ కావు. ఒక్కో సర్వర్ మీద సేవ ఆగిన సమయం బైనరీలు దిగి, విప్పుకుని, యంత్రం రీబూట్ అయ్యేంత మాత్రమే. వెబ్ సర్వర్లు రెండూ ఒకదాని తర్వాత ఒకటి మారడంతో పాఠకులకు ఆ మాత్రం అంతరాయం కూడా తెలియలేదు. పీకేజీ ఒక సేవను అప్‌గ్రేడ్ చేశాక దాన్ని తనంతట తాను రీస్టార్ట్ చేయదు, అందుకని ప్రతి యంత్రానికీ ఏ సేవను ఏ వరుసలో రీస్టార్ట్ చేయాలో ముందే రాసుకున్నాము.

డేటాబేస్ సర్వర్ దగ్గర మాత్రం ప్యాకేజీలు మారడంతో పని పూర్తి కాదు. పుస్తకాల పేర్లూ రచయితల పేర్లూ తెలుగు అక్షరక్రమంలో రావాలి కాబట్టి, ఆ కాలమ్‌లకు పోస్ట్‌గ్రెస్‌లో ఐసీయూ ఆధారిత తెలుగు కొలేషన్ (అక్షరక్రమ నియమాలు) పెట్టి ఉంది. ఐసీయూ కొత్త విడుదలతో పాటు కొలేషన్ వెర్షన్ కూడా మారవచ్చు. డిస్కు మీద ఇండెక్స్ (వెతకడానికి వాడే సూచిక) పాత క్రమంలోనే ఉంటుంది, పోల్చే కోడ్ కొత్త క్రమాన్ని పాటిస్తుంది. అప్పుడు ఉన్న పుస్తకమే లేదని జవాబు రావచ్చు, ఒకే పేరు రెండుసార్లు నమోదు కాకుండా ఆపే నిబంధన పనిచేయకపోవచ్చు. పోస్ట్‌గ్రెస్ ఈ తేడాను హెచ్చరికగా లాగ్‌లో రాస్తుంది తప్ప పని ఆపదు. తెలుగు డేటాను ఐసీయూ కొలేషన్‌తో వరుస పెట్టుకునే ప్రతి సంస్థకూ ఇది వర్తిస్తుంది. ఐసీయూ వెర్షన్ మారిన ప్రతి బిల్డ్ తర్వాత, ఆ కొలేషన్ మీద ఆధారపడిన ఇండెక్స్‌లన్నిటినీ రీఇండెక్స్ చేసి, కొలేషన్ వెర్షన్‌ను రిఫ్రెష్ చేసే దశను మా క్రమంలో చేర్చాము. కంపైల్ సాధనానికి డేటా సంగతి తెలియదు. కానీ కంపైల్ ఒకేచోట జరగడం వల్ల ఐసీయూ ఏ బిల్డ్‌లో మారిందో ఇప్పుడు మాకు ముందుగానే తెలుస్తోంది, సర్వర్లన్నిటిలోనూ అది ఒకేసారి మారుతోంది.

ఖర్చు, పరిమితులు

ఈ ఏర్పాటుకు ఒక యంత్రం అదనంగా కావాలి. దానిలో జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ ఉంటే మేలు. కంపైల్ డైరెక్టరీలను మెమరీలోనే ఉండే టీఎంపీఎఫ్ఎస్‌లో పెట్టాలంటే మెమరీ ధారాళంగా ఉండాలి. త్రైమాసిక శాఖ మారిన ప్రతిసారీ దాదాపు అంతా మళ్లీ కంపైల్ అవుతుంది, మార్పుల సూచనలుండే పోర్ట్స్‌లోని అప్‌డేటింగ్ ఫైలును ఎవరో ఒకరు కూర్చుని చదవాలి. ఆ చదివే బాధ్యతను ఏ సాధనమూ తీసుకోదు. ఒకటి రెండు సర్వర్లు ఉండి, ప్రత్యేక ఆప్షన్లు అక్కరలేనివారికి ఇదంతా అనవసరమైన భారం, వారికి అధికారిక ప్యాకేజీలే సరైన ఎంపిక.

ఫ్రీబీఎస్‌డీకే పరిమితమైన ఆలోచన కాదు ఇది. పీకేజీఎస్ఆర్‌సీ అనే ప్యాకేజీ వ్యవస్థ వాడేవారికి పీబల్క్ ఉంది, లినక్స్ పంపిణీ జెంటూలో ఒక యంత్రం తయారుచేసిన బైనరీలను మిగిలినవి తీసుకోవచ్చు, మరో లినక్స్ పంపిణీ డెబియన్‌లో ఎస్‌బిల్డ్‌తో ప్యాకేజీలు తయారుచేసి సొంత రిపోజిటరీలో పెట్టుకోవచ్చు. ఆదేశాలు వేరైనా, అక్కడ కూడా విఫలమయ్యే కంపైల్‌ను సేవలో ఉన్న యంత్రానికి దూరంగా ఉంచవచ్చు.

2023 నవంబర్‌లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 14.0 బేస్ సిస్టమ్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 ఉంది. 13లో 1.1.1 ఉంది కనుక, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్రాజెక్టు నుంచి నేరుగా మద్దతు లేని ఆ శాఖకు ఫ్రీబీఎస్‌డీ భద్రతా బృందం ఇచ్చిన సవరణల మీదే మేము ఆధారపడ్డాము. మా తదుపరి మార్పు 14కు. బిల్డ్ యంత్రాన్ని ముందుగా 14 మీదికి మార్చి, జైల్‌లో సంస్థ సొంత ఎక్స్‌టెన్షన్‌నూ మెయిల్ ప్యాకేజీలనూ కొత్త ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో కంపైల్ చేసి చూస్తాము. అవన్నీ విఫలం కాకుండా పూర్తయిన బిల్డ్ చేతికి వచ్చాకే సర్వర్లను ఏ వరుసలో మార్చాలో నిర్ణయిస్తాము.